లాంకషైర్ సభ్యులకు: కోచ్‌ను మార్చారు సరే, బంతిని వదిలేసేవాడు ఎక్కడ?

లాంకషైర్ కౌంటీ క్రికెట్ క్లబ్బు సభ్యులకు,

నమస్కారం.

మీలో చాలామందికి తెలుగు రాదని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. కోపం వచ్చినప్పుడు నాకు ఇంగ్లీషు సరిగ్గా పలకదు. మాంచెస్టర్‌లోని మీ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మీ ముందు వరసలోనో వెనక వరసలోనో స్టీలు డబ్బాలో పులిహోర తెచ్చుకున్న డాక్టరుగారో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడో కనిపిస్తే ఈ కాగితం అతని చేతికివ్వండి. భోజన విరామం నలభై నిమిషాలు ఉంటుంది కదా, చదివి చెప్పడానికి సరిపోతుంది.

నేను మీ క్లబ్బులో సభ్యుణ్ణి కాను. సికింద్రాబాద్‌లో ఉంటాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా, మీకు ఉదయం పదకొండయ్యేసరికి, అంటే మాకు మధ్యాహ్నం మూడున్నరకు, యూట్యూబులో మీ మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటాను. మా ఇంట్లో దానికి ‘ఆయన సీరియల్’ అని పేరు. ఏడుపు ఎక్కువ, కథ ముందుకు సాగదు కాబట్టి ఆ పేరు పెట్టారట. గత రెండేళ్ళుగా ఎదురు చెప్పడానికి నాకు మాట దొరకలేదు.

ఇంత దూరంలో ఉన్నవాడికి ఈ జబ్బు ఎలా అంటుకుందని అడుగుతారేమో. మా వి.వి.ఎస్. లక్ష్మణ్ వల్ల. 2007 సెప్టెంబరు 22, శనివారం. ఆ వారమంతా హైదరాబాద్‌కు ట్వంటీ20 ప్రపంచ కప్పు పిచ్చి పట్టి ఉంది. మూడు రోజుల ముందే యువరాజ్ ఒకే ఓవర్లో ఆరు సిక్సర్లు కొట్టాడు, ఆ రాత్రే ఆస్ట్రేలియాతో సెమీఫైనల్. మా వీధి చివర ఇంటర్నెట్ సెంటరు యజమాని టీవీ ముందు నుంచి కదలడం లేదు. నేను మాత్రం అక్షరాలు అరిగిపోయిన ఒక కీబోర్డు ముందు కూర్చుని, పేజీ మళ్ళీ మళ్ళీ తెరుస్తూ లండన్ ఓవల్ మైదానంలో మీ జట్టు స్కోరు చూస్తున్నాను. సర్రే కౌంటీ మీ ముందు 489 పరుగుల లక్ష్యం పెట్టింది. కొడితే కౌంటీ ఛాంపియన్‌షిప్, అంటే ఇంగ్లండ్ కౌంటీలు నాలుగేసి రోజుల మ్యాచ్‌లు ఆడే లీగు, టైటిల్ మీదే, అదీ 1934 తర్వాత మొదటిసారి ఎవరితోనూ పంచుకోకుండా. లక్ష్మణ్ శతకం కొట్టాడు. తెర మీద అంకెలు తప్ప బొమ్మ లేదు, కానీ ఆ మణికట్టు ఎలా తిరిగి ఉంటుందో మా ఊరివాళ్ళకు బొమ్మ అవసరం లేదు. 464 దగ్గర డామినిక్ కార్క్ వికెట్ పడింది. 24 పరుగుల దూరంలో ఆగిపోయారు. టైటిల్ ససెక్స్‌కు వెళ్ళింది. వెనక టీవీ దగ్గర అరుపులు, కేకలు. ఇండియా ఓడిపోయిందా అని నన్ను చూసి ఎవరో కుర్రాడు అడిగాడు. నా ముఖం అలా ఉంది మరి.

ఓడిపోయిన ఆ మ్యాచ్‌తోనే మీవాణ్ణయ్యాను. నాలుగో ఇన్నింగ్స్‌లో 464 కొట్టి ఓడిన జట్టును ఎవరు తిడతారు? 2022లో మూడు పోటీల్లోనూ రెండో స్థానంలో ఆగినప్పుడు కూడా తిట్టలేదు. ఛాంపియన్‌షిప్‌లో సర్రే వెనక, వన్డే కప్పు ఫైనల్లో కెంట్ చేతిలో, ట్వంటీ20 ఫైనల్లో హాంప్‌షైర్ చేతిలో ఒకే ఒక్క పరుగుతో. గెలిచామనుకుని హాంప్‌షైర్ వాళ్ళు సంబరాలు మొదలుపెట్టాక, బాణసంచా కాల్చాక, చివరి బంతి నోబాల్ అని తేలి, ఇంకో బంతి వేయించి మరీ ఓడించారు మిమ్మల్ని. ఆ ఏడాదే కీటన్ జెన్నింగ్స్ సౌత్‌పోర్ట్‌లో సోమర్సెట్ మీద 318 కొట్టాడు. అలాంటి జట్టు రెండేళ్ళు తిరిగేసరికి రెండో డివిజన్‌కు పడిపోయింది. 2025లో అక్కడి నుంచి పైకి రాలేదు సరికదా, లీస్టర్‌షైర్, గ్లామోర్గన్ పైకి వెళ్తుంటే కింద నుంచి చూస్తూ నిలబడింది.

ఇప్పుడు అసలు సంగతి. 2025 సీజను సగం కాకముందే కోచ్ డేల్ బెంకెన్‌స్టీన్ వెళ్ళిపోయాడు, జెన్నింగ్స్ కెప్టెన్సీ వదిలేశాడు. స్టీవెన్ క్రాఫ్ట్ చేతికి కోచింగ్ వచ్చింది. 42 ఏళ్ళ జిమ్మీ ఆండర్సన్ జట్టును నడిపించాల్సి వచ్చింది. బౌలర్‌గా ఆయన గురించి చెప్పేంతటి వాణ్ణి కాను. కానీ నా లెక్కలో మీ ఓటములకు కారణం బ్యాటింగ్, దానికి మందుగా మీకు దొరికింది పదకొండో నంబరు ఆటగాడు. మా ఊళ్ళో అయితే పన్ను నొప్పికి తలకు నూనె రాశారంటాం.

ఓడిన ప్రతి సాయంత్రం మీ అభిమానులు మాట్లాడుకునేది వింటుంటాను. ‘ఎవరు’ అన్న ప్రశ్న తప్ప రెండో ప్రశ్న వినపడదు. ఎవరిని తీసేయాలి? ఎవరిని తేవాలి? ఏ దేశం నుంచి? మార్కస్ హారిస్ ఆస్ట్రేలియా నుంచి వచ్చి పరుగులు చేస్తుంటే, అతనికి అవతలి ఎండ్‌లో నిలబడేవాడు మన ఊరి నుంచి ఎందుకు రావడం లేదని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. ఉంటే క్షమించండి, ఇంత దూరానికి గొంతు వినపడలేదు.

ఉపదేశాలు చెప్పడానికి నువ్వెవరివయ్యా అంటారా? బ్యాటింగ్ కుప్పకూలడంలో మాకున్న అనుభవం మీకు లేదు. రంజీ ట్రోఫీ చరిత్రలో అతి తక్కువ స్కోరు మాది. 2010 నవంబరులో జైపూర్‌లో రాజస్థాన్ మీద హైదరాబాద్ 21 పరుగులకు ఆలౌటైంది. మొదటి మ్యాచ్ ఆడుతున్న దీపక్ చాహర్ పది పరుగులిచ్చి ఎనిమిది వికెట్లు తీశాడు. అజహరుద్దీన్, లక్ష్మణ్‌లను కన్న ఊరు మాది. 1986–87లో రంజీ గెలిచాక మళ్ళీ గెలిచింది లేదు. మధ్యలో కుర్చీలు మారాయి, సెలెక్టర్లు మారారు, కోచ్‌లు మారారు, గొడవలు కోర్టుల మెట్లెక్కాయి. ఇన్ని మారినా అరగంట సేపు ఆఫ్ స్టంప్ బయటి బంతిని వదిలేసే కుర్రాడు మాత్రం తయారు కాలేదు. చివరికి ప్లేట్ గ్రూపుకు, అంటే మీ రెండో డివిజన్ లాంటి దానికి పడిపోయాం. అక్కడ 2024 జనవరిలో మా తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 181 బంతుల్లో 366 కొట్టాడు. 366 అనగానే మీకు 1990లో ఓవల్‌లో నీల్ ఫెయిర్‌బ్రదర్ ఇన్నింగ్స్ గుర్తొస్తుంది. అంకె ఒకటే, కానీ సర్రే బౌలింగ్ వేరు, అరుణాచల్ బౌలింగ్ వేరు. కింది మెట్టు మీద కొట్టిన పరుగులు చూసి మురిసిపోకండి. అది మేం పడి నేర్చుకున్న సంగతి.

ఇక నా మనసులో తొమ్మిదేళ్ళుగా ఉన్న ఒక రోజు గురించి చెప్పాలి. 2016 నవంబరు 20, ఆదివారం, విశాఖపట్నం. ఆ మైదానంలో అదే మొదటి టెస్టు. పెద్ద నోట్లు రద్దయి రెండు వారాలు కూడా కాలేదు. జేబులో వంద నోట్లు లెక్కపెట్టుకుంటూ, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళాను. ఇంగ్లండ్ లక్ష్యం 405. ఒకవైపు అలిస్టర్ కుక్, రెండో వైపు మీ బోల్టన్ కుర్రాడు, 19 ఏళ్ళ హసీబ్ హమీద్. వాళ్ళ అమ్మానాన్నల మూలాలు గుజరాత్‌లో ఉన్నాయని మా వెనక కూర్చున్నాయన అందరికీ చెబుతున్నాడు, తనకేదో చుట్టరికం ఉన్నట్టు.

అశ్విన్ వేస్తున్నాడు. బ్యాటు చుట్టూ నలుగురైదుగురు ఫీల్డర్లు. హమీద్ ముందుకు కాలు వేస్తాడు, బ్యాటు ప్యాడ్ పక్కనే ఉంటుంది, చేతుల్లో బిగువు లేదు. బంతి బ్యాటుకు తగిలి అక్కడే, అతని పాదాల దగ్గరే చచ్చిపోతుంది. షార్ట్ లెగ్ ఫీల్డరు వంగి తీసుకుంటాడు. మళ్ళీ అదే. జడేజా వచ్చాడు. మళ్ళీ అదే. మొదట్లో నవ్విన జనం కాసేపటికి ఆవలించారు, ఇంకాసేపటికి నెమ్మదిగా తిట్టడం మొదలుపెట్టారు. బఠాణీలు అమ్మేవాడు మా వరస ముందు నిలబడి, “వీడు ఔటైతే గానీ నా బేరం కాదు సార్” అన్నాడు. యాభై ఓవర్ల పాటు వికెట్ పడలేదు. చివరికి అశ్విన్ వేసిన ఒక బంతి లేవకుండా నేలబారుగా దూసుకొచ్చింది. దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. 144 బంతులు, 25 పరుగులు.

మర్నాడు ఏమైందో మీకు తెలుసు. 87 దగ్గర రెండే వికెట్లు కోల్పోయి ఉన్న జట్టు 158కి ఆలౌటైంది. ఇండియా 246 పరుగులతో గెలిచింది. కుర్రాడి జిడ్డాట అంతా వృథా అయిందని స్టేషనులో ఒకాయన తేల్చేశాడు. నాకు అలా అనిపించలేదు. ఆ పిచ్ మీద అశ్విన్‌ను, జడేజాను ఎదురు చూసేలా చేసింది ఆ ఇద్దరే. మిగతా ఎనిమిది వికెట్లు కలిసి చేసింది 71 పరుగులు.

ఆ హమీద్ మీవాడు. 2016లో మీకు 1,198 ఛాంపియన్‌షిప్ పరుగులు చేసినవాడు. యార్క్‌షైర్ మీద ఒకే మ్యాచ్‌లో రెండు శతకాలు కొట్టినవాడు. మీ శత్రువుల మీద మీవాడొకడు అలా కొట్టడం అదే మొదటిసారి. తర్వాత అతనికి ఫామ్ పోయింది. మామూలుగా పోలేదు, 2018లో సగటు పదికి కూడా చేరలేదు. 2019 ఆగస్టులో మీరు వదులుకున్నారు.

ఇక్కడ నేను మీ క్లబ్బును ఊరికే తిట్టను. సగటు పదికి చేరని ఓపెనర్‌ను ఎన్నాళ్ళు భరించాలో చెప్పడం తేలిక కాదు. బహుశా వదిలేయడమే అతనికి మేలు చేసింది. కానీ ఆ తర్వాతి కథ చూడండి. అదే 2019లో నాటింగ్‌హామ్‌షైర్ పరిస్థితి ఏమిటి? ఛాంపియన్‌షిప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అట్టడుగున నిలిచి రెండో డివిజన్‌కు పడిపోయింది. వాళ్ళ కోచ్ పీటర్ మూర్స్. ఆ పేరు మీకు పరిచయం చేయక్కర్లేదు, 2011లో మీకు టైటిల్ తెచ్చిపెట్టింది ఆయనే. ఒక్క గెలుపూ లేని సీజను తర్వాత వాళ్ళు మూర్స్‌ను పంపించలేదు. పైగా ఆ చలికాలమే మీరు వదిలేసిన, బ్యాటు పట్టుకోవడం మరచిపోయాడని అందరూ అనుకున్న హమీద్‌ను తెచ్చుకున్నారు. తర్వాత అతణ్ణే కెప్టెన్ చేశారు. 2025లో, మీరు కోచ్ తల కోసం అరుస్తున్న ఏడాదే, హమీద్ వెయ్యికి పైగా పరుగులు చేసి, మూడేళ్ళుగా సర్రే దగ్గర ఇరుక్కుపోయిన టైటిల్‌ను నాటింగ్‌హామ్‌కు తీసుకెళ్ళాడు.

మీ కోచ్, మీ కుర్రాడు. పొరుగింటి కప్పు. ఆరేళ్ళు పట్టింది, ఆ ఆరేళ్ళూ వాళ్ళు ఆగారు. నా ఉత్తరంలో ఇంతకు మించి చెప్పేది పెద్దగా లేదు. కానీ ఇంత దూరం వచ్చాను కనుక మిగతాది కూడా వినండి.

తప్పు పిచ్‌లదని మీలో కొందరంటారు. ఏప్రిల్ చలిలో ఇంగ్లండ్‌లో వాడే డ్యూక్స్ బంతి స్వింగ్ అవుతుంటే ఎవరు మాత్రం ఆడతారంటారు. డివిజన్‌లో మిగతా జట్లు కూడా అదే చలిలో, అదే బంతితో ఆడాయి. పైగా మీరు సాయంత్రపు ఎండ బ్యాటర్ల కళ్ళలో పడుతోందని ఓల్డ్ ట్రాఫర్డ్ పిచ్‌నే తొంభై డిగ్రీలు తిప్పిన మహానుభావులు. ప్రకృతి మీద నెపం వేయడం మీకు నప్పదు.

పాయింట్ల పద్ధతిదే తప్పని ఇంకొందరు. మొదటి ఇన్నింగ్స్ తొలి 110 ఓవర్లలో 250 చేస్తేనే మొదటి బ్యాటింగ్ బోనస్ పాయింటు, అయిదూ కావాలంటే 450 చేయాలి. అందుకని కుర్రాళ్ళు తొందరపడుతున్నారట. సరే, లెక్క వేద్దాం. డ్రాకు 8 పాయింట్లు. 144 బంతులాడి 25 కొట్టినవాడికి బోనస్ రాదు, నిజమే. కానీ చివరి రోజు ఆ 144 బంతులే ఓటమిని డ్రా చేస్తే అయిదు బోనస్ పాయింట్ల కన్నా మూడు ఎక్కువే వస్తాయి. ఎనిమిది పాయింట్ల విలువ తెలిసిన ఓపెనరు నాకు మీ జట్టులో ఈ మధ్య కనపడటం లేదు. ఇరవై పరుగుల దాకా చక్కగా ఆడతాడు. అప్పటికి బౌలరు అలిసిపోతాడు, బంతి మెత్తబడుతుంది. సరిగ్గా అప్పుడు, ఆరో స్టంప్ మీద, అంటే వికెట్లకు బాగా దూరంగా వెళ్ళే బంతి వెనక చేతులు పడేస్తాడు. రెండో స్లిప్‌కు ప్రాక్టీసు. వెనక్కి వస్తూ బ్యాటు వైపు చూసుకుంటాడు, అందులో ఏదో చిల్లు ఉన్నట్టు.

ఆ అలవాటును కోచ్ ఒక్కడే మాన్పించలేడు. ఎక్కువ రోజులు బ్యాటింగ్ చేస్తేనే పోతుంది. ఆ రోజులు ఎక్కడున్నాయి? ఛాంపియన్‌షిప్ ఎక్కువ భాగం ఏప్రిల్, మే నెలల్లో జరుగుతుంది, మళ్ళీ సెప్టెంబరులో తేలుతుంది. ఎండ బాగా కాసి, పిచ్ గట్టిపడి, కుర్రాడు రోజంతా ఆడటం నేర్చుకోవాల్సిన ఆగస్టులో నాలుగు రోజుల మ్యాచ్ దొరకడమే అరుదు. ఆ నెల జట్టుకు వంద బంతులుండే హండ్రెడ్ పోటీది. ఇప్పుడు ఆ పోటీలో ఆడే మాంచెస్టర్ జట్టులో ఎక్కువ వాటా కోల్‌కతా నుంచి వచ్చిన ఆర్‌పీఎస్‌జీ వ్యాపార సంస్థ వాళ్ళది, పేరు కూడా సూపర్ జెయింట్స్ అయింది, మీ క్లబ్బుది మిగిలిన వాటా. ఐపీఎల్ చూసి పెరిగిన దేశం నుంచి రాస్తున్నాను కనుక దాన్ని పాపమనను. డబ్బు వస్తుంది, రానివ్వండి. వచ్చిన డబ్బు ఆగస్టులో పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి మూడు రోజుల బ్యాటింగ్ కొనిపెడుతోందా లేదా అన్నదే నా ప్రశ్న.

మీ దగ్గర మాకు లేనిదొకటి ఉంది. పద్దెనిమిది కౌంటీల్లో పదిహేను సభ్యుల సొత్తు, అందులో మీది ఒకటి. అంటే వార్షిక సమావేశంలో లేచి నిలబడి అడిగే హక్కు మీకుంది. హైదరాబాద్‌లో నాలాంటి ప్రేక్షకుడికి గేటు దగ్గర నీళ్ళ సీసా వెనక్కి అడిగే హక్కు కూడా లేదు. అలాంటి హక్కు చేతిలో పెట్టుకుని టీ కప్పులతో గొణుక్కుంటారేమిటి?

ఈసారి సమావేశంలో ‘ఎవరు’ అని అడగకండి. రెండో జట్టులో ఇరవై ఏళ్ళ లోపు బ్యాటర్లు ఎందరున్నారో, జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఒక్కొక్కరు రెండు రోజులకు మించిన మ్యాచ్‌లు ఎన్ని ఆడారో పేరుపేరునా అంకెలు చెప్పమనండి. ఫామ్ పోయిన కుర్రాడి పక్కన ఎవరు కూర్చుంటున్నారో అడగండి. 2017, 2018 ఏళ్ళలో హమీద్‌కు ఏం జరిగిందో, అప్పుడు ఏం చేశారో, ఏం చేయలేదో రాతపూర్వకంగా అడగండి. ఎవరినో బోనులో నిలబెట్టడానికి కాదు. రేపు ఇంకో బోల్టన్ కుర్రాడికి అదే గతి పట్టినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది. జాష్ బొహానన్ కూడా బోల్టన్ వాడే కదా. ఆ ఊరి నీళ్ళలో ఏదో ఉంది, మీరు దాన్ని తాగనివ్వడం లేదు.

క్రాఫ్ట్‌కు మాత్రం కొన్నేళ్ళివ్వండి. 2011లో టాంటన్‌లో టైటిల్ గెలిచిన క్షణాన క్రీజులో ఉన్నది అతనే. ఆ ఏడాది ఓల్డ్ ట్రాఫర్డ్‌లో పిచ్ సిద్ధంగా లేక లివర్‌పూల్‌లో తలదాచుకుని, పేరున్న తారలు లేకుండా, ఊరి కుర్రాళ్ళతో గెలిచారు మీరు. ఆ జట్టు ఎలా తయారైందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తొలి మూడు మ్యాచ్‌లు ఓడగానే మళ్ళీ తల అడగకండి, అంతే.

ఏప్రిల్‌లో మూడున్నరకు నేను మళ్ళీ కూర్చుంటాను. మొదటి పది ఓవర్లలో మీ ఓపెనరు ఎన్ని బంతులు వదిలేశాడో కాగితం మీద గీతలు గీస్తుంటాను, ఇది నాకు పాత అలవాటు. పోయిన ఏడాది కాగితాలు ఇంకా సొరుగులోనే ఉన్నాయి. గీతలు తక్కువ, ఖాళీ ఎక్కువ.

ఇట్లు,
సికింద్రాబాద్ నుంచి ఒక లాంకషైర్ అభిమాని

తా.క. యార్క్‌షైర్ వాళ్ళ హండ్రెడ్ జట్టును మా సన్‌రైజర్స్ యజమానులు కొని ‘సన్‌రైజర్స్ లీడ్స్’ అని పేరు పెట్టారు. ఇక హైదరాబాద్ వాళ్ళంతా లీడ్స్ వైపే ఉండాలని మా తమ్ముడి కొడుకు వాదిస్తున్నాడు, కాషాయం రంగు చొక్కా కూడా కొన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇంట్లో మాటలు లేవు. కనీసం ఆ కుర్రాడి ముందు నా పరువు పోకుండా చూడండి.